మొదటి పాదంలో ఖాళీ

మా నాన్న ఖెల్కియాస్, హెరక్లేయోపోలిస్ రేవులో
గోధుమ పడవల మీద సుంకం రాసేవాడు.
పగలు బస్తాలు లెక్కపెట్టేవాడు,
రాత్రి అక్షరాలు.

చూపుడువేలు చాపి నాకు నేర్పాడు:
ఇదిగో, కింది కణుపు పొడుగు, అది గురువు.
పైన రెండూ పొట్టి, లఘువులు.
ఇలాంటి వేళ్ళు ఆరు వరసగా పేర్చు త్రుఫైనా,
కోటలు కూలతాయి, ఓడలు మునుగుతాయి.
గ్రీకు పిల్లలు బడిలో ఏడుస్తూ వల్లెవేసేది దీన్నే.
చేతికి ఐదే కదా, ఆరోది ఎక్కడిది నాన్నా అన్నాను.
నవ్వి, నా చెయ్యి అందుకున్నాడు.

మనవాళ్ళు సముద్రం దాటిన కథను
ఆ నడకలో నడిపించాలని ఆయన పంతం.
వ్యాయామశాల మెట్ల మీద కుర్రాళ్ళు
మీకు వీరుల్లేరా, మేకలూ బావులేనా
అని నవ్వారట ఒకసారి.
చేపముల్లులా గొంతులో ఉండిపోయింది ఆ మాట.

పూర్వీకుడి పేరు దగ్గరే మొదటి చిక్కు.
గురువు, లఘువు, మళ్ళీ గురువు.
ఆ గ్రీకు గుమ్మంలోంచి పట్టదు,
పెద్ద మంచంలా, ఎటు తిప్పినా.
మూడు రాత్రులు తిప్పి తిప్పి
నడిమి అక్షరాన్ని సాగదీశాడు.
నానమ్మ షెలమ్‌సియోన్ పప్పు ఏరుతూ విన్నది.
"చచ్చినవాడి పేరు అలా లాగకు.
గోతిలో వాడి కాళ్ళు పీకుతాయి."

ఆమె పాతభాషలో చెబితే కథ
రెండు చేతులా పిండి పిసికినట్టు ఉండేది.
కుడిచెయ్యి అన్నదే ఎడమచెయ్యి ఇంకోలా అనేది,
ఆ రెంటి మధ్యా నిశ్శబ్దం ముద్దకట్టేది.
నాన్న కావ్యంలోనేమో సేనాపతి డాలు మీదే
ఇరవైమూడు పాదాలు:
ద్రాక్షతీగ, ఎద్దులు, పెళ్ళి ఊరేగింపు.
అర్థం చెప్పించుకుని నానమ్మ అడిగింది:
"ఇంత బరువు మోస్తూ వాడెలా పరిగెత్తాడు?"
"వాడు మునుగుతాడమ్మా."
"ఊఁ. అయితే సరే."

ఒక రాత్రి రాసింది మాత్రం వేరు.
నీళ్ళు మూసుకునే చోట, శత్రువుల రౌతు ఒకడికి
ఊరు ఇచ్చాడు, వాకిట్లో దానిమ్మ చెట్టు ఇచ్చాడు,
కొడుకు కొలతకు అంగీ కుడుతున్న తల్లిని ఇచ్చాడు,
ఆ తర్వాతే ముంచాడు.
ఇది మన కథలో లేదు. వాళ్ళ దగ్గర నేర్చింది,
చంపే ముందు చచ్చేవాడి ఇల్లు చూపించడం.
నానమ్మ వేళ్ళు పప్పులో ఆగిపోయాయి.
"ఆ తల్లి పేరేమిటి?"
"పెట్టలేదు."
"పెట్టు."

మొదటి పాదం మాత్రం ఎప్పటికీ నిండలేదు.
వాళ్ళు దేవతను పిలిచి మొదలుపెడతారు, నువ్వు చెప్పమ్మా అని.
నాన్న ఎవర్ని పిలుస్తాడు?
మన దేవుడి పేరు నోట అనకూడదు.
వాళ్ళ దేవతను పిలిస్తే
ప్రార్థనాలయంలో ఎవరికీ మొహం చూపించలేడు.
రెండు గణాల జాగా వదిలేసి
నేరుగా సముద్రంతో ఎత్తుకున్నాడు.
సాపు రాతలో నేనూ ఆ ఖాళీ అలాగే ఉంచాను,
వేళ్ళతో కొలిచి.

ఆయన పోయాక, బాకీల కోసం,
చుట్టలన్నీ సుంకం చిట్టాలతో కలిపి తూకానికి అమ్మేశాం.
కొన్నవాడు శవాలకు తొడుగులు చేసే మనిషి.
నానబెట్టి, జిగురు పూసి, పొరమీద పొర అతికి
ఎవరో ఐగుప్తు ఆడమనిషి రొమ్ము మీద
మా సముద్రాన్ని కప్పాడు.
పైన నీలం రంగు వేశాడు.
పోయి చూశాను. బాగానే ఉంది.

రౌతు తల్లికి ఆయన పేరు పెట్టాడు, నిజమే,
మర్నాడే పెట్టాడు.
సాగదీయకుండా, కుదించకుండా
పాదంలో సరిగ్గా కూర్చుంది.
రెండుసార్లు నా చేత్తో రాశాను ఆ పేరు.
ఇప్పుడు ఎంత తడుముకున్నా రావడం లేదు.
వేలి మీద ఉంది, నోట్లో లేదు:
గురువు, లఘువు, లఘువు.